పాత ఫోర్డ్‌కు కొత్త స్టీరింగ్ బాక్స్: బిగించే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

పాత కారు స్టీరింగ్‌లో ఆట పెరిగితే మొదటి నింద స్టీరింగ్ బాక్స్ మీదే పడుతుంది. స్టీరింగ్‌ని రెండంగుళాలు అటూ ఇటూ తిప్పినా చక్రాలు ఉలకవు పలకవు. చిన్న గతుకు తగిలినా ఆ దెబ్బ చేతుల దాకా వస్తుంది. నిలబెట్టిన చోట తిప్పాలంటే భుజాలు పీకుతాయి. ఈ మూడు ఫిర్యాదులకూ కలిపి వినిపించే మందు ఒకటే: పాత బాక్స్ తీసేసి, తర్వాతి కాలపు బండిది తెచ్చి వేయడం. ఆ మందు చాలా కార్లకు నిజంగానే పనిచేసింది. అయితే మూడు ఫిర్యాదులూ మూడు వేర్వేరు చోట్ల నుంచి రావచ్చు. తప్పు చోట వేస్తే కొత్త బాక్స్ జబ్బును తగ్గించకపోగా పెంచుతుంది.

ఈ సంగతి అర్థం చేసుకోవడానికి ఫోర్డ్ మోడల్ ఏ కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. 1927 డిసెంబరులో జనం ముందుకు వచ్చిన ఈ కారు నాలుగేళ్లలో 48 లక్షలకు పైగా తయారైంది. అమెరికాలో ఇప్పటికీ వేల సంఖ్యలో రోడ్డు మీద తిరుగుతోంది. మన దేశానికీ వచ్చింది. ఫోర్డ్ కెనడా కింద 1926లో బొంబాయిలో మొదలైన కంపెనీ ద్వారా, కుడిచేతి స్టీరింగ్‌తో వచ్చింది. ఈ కారుకు బాక్స్ మార్చడమనేది ఈనాటి ఆలోచన కాదు. ఆ పని మొదట చేసింది ఫోర్డ్ కంపెనీయే.

తొలి మోడల్ ఏలలో ఉన్నది ఏడు పళ్ల సెక్టర్ బాక్స్. స్టీరింగ్ రాడ్ అడుగున మరలు తిరిగిన వార్మ్ ఉంటుంది, ఆ మరల్లో కూర్చుని సెక్టర్ (పళ్ల చక్రంలో ఒక ముక్క) పళ్లు కదులుతాయి. దాని నిష్పత్తి 11.25:1. అంటే చేతిలోని స్టీరింగ్ 11.25 డిగ్రీలు తిరిగితే సెక్టర్ ఒక్క డిగ్రీ తిరుగుతుంది. సెక్టర్ షాఫ్ట్ కొసకు డ్రాప్ ఆర్మ్ వేలాడుతుంది, మాన్యువళ్లలో దాన్ని పిట్‌మన్ ఆర్మ్ అంటారు. అది డ్రాగ్ లింక్‌ను ముందుకూ వెనక్కూ నెడుతుంది. డ్రాగ్ లింక్ ఒక పక్క చక్రాన్ని తిప్పితే, టై రాడ్ రెండో చక్రాన్ని దానితో పాటు తిప్పుతుంది. 1929లో ఫోర్డ్ ఆ బాక్స్ వదిలేసి, గెమ్మర్ అనే కంపెనీ డిజైన్‌లోని రెండు పళ్ల సెక్టర్ బాక్స్ పెట్టడం మొదలుపెట్టింది. నిష్పత్తి 13:1 అయింది. కాబట్టి 1928 కారుకు 1930 బాక్స్ వేయడం కూడా కొత్త బాక్స్ వేయడమే. దాన్ని చాలామంది పట్టించుకోరు గానీ, ఈ కథలో అన్నిటికంటే తక్కువ తలనొప్పి ఉన్న దారి అదే.

మన అంబాసిడర్ నడిపినవారికి ఈ బాక్స్ గొడవ అంతగా తెలియకపోవచ్చు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఆ కారుకు ర్యాక్ అండ్ పినియన్ (పళ్ల చక్రం నేరుగా ఒక పళ్ల కడ్డీని పక్కలకు జరిపే) స్టీరింగ్ ఉండేది. బాక్స్, డ్రాప్ ఆర్మ్, డ్రాగ్ లింక్ ఉన్న జీపులూ లారీలూ చూసినవారికి మాత్రం ఇదంతా తెలిసిన సరుకే.

ముందు నిష్పత్తి సంగతి. సెక్టర్ ఒక చివర నుంచి మరో చివరకు మొత్తం 70 డిగ్రీలు తిరుగుతుందని అనుకుందాం. 11.25 బాక్స్‌తో స్టీరింగ్ దాదాపు 2.2 చుట్లు తిరుగుతుంది. 13 బాక్స్‌తో 2.5 చుట్లు. 18:1 ఉన్న తర్వాతి కాలపు బాక్స్ వేస్తే 3.5 చుట్లు. తిప్పాల్సిన చుట్లు పెరిగిన కొద్దీ పెట్టాల్సిన బలం తగ్గుతుంది. రాపిడిని పక్కన పెట్టి చూస్తే, పాత బాక్స్‌తో 16 కిలోల బలం కావాల్సిన చోట 18:1 బాక్స్‌తో 10 కిలోలు చాలు. ఈ తేడా మామూలుది కాదు. పార్కింగ్ దగ్గర అవస్థ పడేవారికి కొత్త బాక్స్ ఇచ్చే నిజమైన లాభం ఇదే. గతుకు దెబ్బ చేతుల దాకా రావడం కూడా ఇదే లెక్కలో తగ్గుతుంది.

ఆట విషయంలో మాత్రం లెక్క తిరగబడుతుంది. డ్రాప్ ఆర్మ్‌కు అవతల, అంటే డ్రాగ్ లింక్ కప్పుల్లోనో టై రాడ్ ఎండ్లలోనో కింగ్ పిన్ (చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన పిన్) బుష్‌లలోనో, మొత్తం కలిపి డ్రాప్ ఆర్మ్ దగ్గర ఒక డిగ్రీ ఆట ఉందనుకుందాం. 17 అంగుళాల వ్యాసం ఉన్న స్టీరింగ్ అంచు దగ్గర కొలిస్తే, 11.25 బాక్స్‌తో అది 1.7 అంగుళాల ఆటగా కనిపిస్తుంది. 13 బాక్స్‌తో 1.9 అంగుళాలు. 18 బాక్స్‌తో 2.7 అంగుళాలు. కింద ఏదీ మారలేదు, ఒక్క బుష్ కూడా కొత్తగా అరగలేదు, అయినా చేతికి తెలిసే ఆట ఒక అంగుళం పెరిగింది. ఎందుకంటే నిష్పత్తి బలాన్ని ఎంత పెంచుతుందో, అవతలి పక్క ఆటను కూడా అంతే పెంచి చూపిస్తుంది. డబ్బు పోసి బాక్స్ మార్చాక "ముందుకంటే ఎక్కువ లూజుగా ఉందే" అని బాధపడేవారి ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఇదే. బాక్స్ తప్పేమీ ఉండదు.

అందుకే స్పానర్ పట్టేముందు నేరం ఎవరిదో తేల్చుకోవాలి. దానికి ఇద్దరు మనుషులు చాలు. ఇంజిన్ ఆపి, చక్రాలు నేల మీదే ఉంచి, ఒకరు స్టీరింగ్‌ని కొద్ది కొద్దిగా అటూ ఇటూ కదుపుతూ ఉండాలి. రెండోవారు కింద పడుకుని చూడాలి. స్టీరింగ్ కదులుతున్నా డ్రాప్ ఆర్మ్ కదలకపోతే తప్పు బాక్స్‌ది. డ్రాప్ ఆర్మ్ కదిలి, చక్రాన్ని తిప్పే స్పిండిల్ ఆర్మ్ కదలకపోతే తప్పు మధ్యలోని లింకులది. స్పిండిల్ కదిలినా చక్రం ఆలస్యంగా కదిలితే, జాకీ వేసి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి కింగ్ పిన్నూ బేరింగూ చూడాలి. ఇవన్నీ సరిగ్గా ఉండి బాక్స్ మొత్తంగా చాసిస్ మీద ఊగుతుంటే, బోల్టులు వదులయ్యాయి లేదా ఆ చోట చాసిస్ రేకు చీలింది. ఈ చివరిది ఎక్కువమంది చూడరు. బాక్స్ వైపే చూస్తారు గానీ, అది దేనికి బిగించి ఉందో ఆ ఇనుము వైపు చూడరు.

నేరం బాక్స్‌దే అని తేలినా వెంటనే మార్చేయాలని లేదు. వార్మ్ మధ్య భాగం అన్నిటికంటే ఎక్కువ అరుగుతుంది, కారు ఎక్కువసేపు నేరుగానే పోతుంది కాబట్టి. ఆ మధ్యలో ఆట పోయేలా బిగిస్తే, అరగని చివర్ల దగ్గర బాక్స్ పట్టేస్తుంది. అలా పట్టేసే బాక్స్ మలుపు తిరిగాక వెనక్కి రాదు, అది ఆట కంటే ప్రమాదం. అంత దాకా అరగని బాక్స్‌కు మాత్రం సర్దుబాటు ఉంది. డ్రాగ్ లింక్ విప్పి, బాక్స్ మీద ఏ బరువూ లేకుండా చేసి, ముందు వార్మ్ నిలువు ఆట తీయాలి, తర్వాత సెక్టర్ షాఫ్ట్ పక్క ఆట, అన్నిటికంటే చివర వార్మ్‌కూ సెక్టర్‌కూ మధ్య పట్టు. ఈ వరుస తప్పితే ఒకచోట బిగించింది మరోచోట వదులవుతుంది. రెండు పళ్ల బాక్స్‌కు కొత్త వార్మ్, సెక్టర్, బుష్‌లు, బేరింగులు ఇప్పటికీ తయారై అమ్ముడవుతున్నాయి. గంటకు 70 కిలోమీటర్లు దాటకుండా నడిపే, అసలు రూపంలో ఉంచుకోవాలనుకునే మోడల్ ఏకు మొదటి ఎంపిక ఇదే కావాలి: బాగు చేసిన రెండు పళ్ల బాక్స్, కొత్త కింగ్ పిన్నులు, బిగుతైన లింకులు. చాలా కార్లకు ఇక్కడితో పని అయిపోతుంది.

గ్రీజు గురించి ఇక్కడే చెప్పుకోవాలి. ఆ కాలపు బాక్సులకు ఈనాటి లాంటి ఆయిల్ సీళ్లు లేవు. పోసిన చిక్కటి ఆయిల్ కారిపోతుంది. విసుగొచ్చి కొందరు మామూలు చాసిస్ గ్రీజు కుక్కుతారు. అది కారదు నిజమే, కానీ పళ్లు ఒకసారి తోసేస్తే పక్కకు పోయి అక్కడే నిలబడుతుంది, మళ్లీ వార్మ్ మీదికి రాదు. పైకి బాక్స్ నిండుగా కనిపిస్తుంది, లోపల ఇనుము ఇనుము మీద ఎండగా రాసుకుంటుంది. అమెరికాలో పాత ఫోర్డ్‌లవాళ్లు దీనికి ఒక మంచి ఉపాయం కనుక్కున్నారు. మన ఊళ్లలో ఆకుపచ్చ ట్రాక్టర్లతో తెలిసిన జాన్ డీర్ కంపెనీ, మొక్కజొన్న కోత యంత్రాల కోసం అమ్మే కార్న్ హెడ్ గ్రీజు వాడతారు. కదలనప్పుడు గ్రీజులా నిలుస్తుంది, కదిలిస్తే జావలా పారి తిరిగి పళ్ల మీదికి వస్తుంది. ఆ గుణం ఉన్న ఏ పలచని గ్రీజైనా సరే.

ఇక నిజంగా తర్వాతి కాలపు బాక్స్ కావాలనుకునేవారి సంగతి. మోడల్ ఏకు దశాబ్దాలుగా వేస్తున్నవి ఫోర్డ్ పికప్ ట్రక్కుల బాక్సులు. 1948 నుంచి 1952 దాకా వచ్చిన ఎఫ్-1ది, 1953 నుంచి వచ్చిన ఎఫ్-100ది. వీటిలో సెక్టర్ పళ్ల బదులు బేరింగుల మీద తిరిగే రోలర్ ఉంటుంది. పన్ను వార్మ్ మీద జారుతుంది, రోలర్ దొర్లుతుంది. అందుకే ఒకే నిష్పత్తి ఉన్నా రోలర్ బాక్స్ చేతికి తేలిగ్గా తగులుతుంది, తక్కువ అరుగుతుంది. పైగా ఇవి మోడల్ ఏ కంటే బరువైన బళ్ల కోసం చేసినవి.

కానీ వీటిని ఎంచుకోవడానికి అసలు కారణం బలం కాదు, దిశ. ఆ ట్రక్కుల్లోనూ డ్రాప్ ఆర్మ్ ముందుకూ వెనక్కూ ఊగి, పక్కనే ఉన్న డ్రాగ్ లింక్‌ను నెడుతుంది. మోడల్ ఏలో జరిగేదీ అదే. కాబట్టి స్టీరింగ్ ఎడమకు తిప్పితే చక్రాలు ఎడమకే తిరుగుతాయి. ఇది చెప్పాల్సిన మాటా అనిపించవచ్చు, చెప్పాల్సిందే. షెవర్లే కార్వెయిర్ బాక్స్ చిన్నదీ తేలికైనదీ కాబట్టి పాత ఫోర్డ్‌లతో చేసే తేలికపాటి హాట్ రాడ్‌లకు (వేగం కోసం మార్చుకున్న పాత కార్లకు) దాన్ని వాడాలని చూశారు. కార్వెయిర్ అమరిక వేరు. దాని బాక్స్‌ను ఉన్నదున్నట్టు తెచ్చి పక్క డ్రాగ్ లింక్‌కు కలిపితే, కుడికి తిప్పినప్పుడు కారు ఎడమకు పోతుంది. అందుకే లోపలి భాగాలు మార్చి దిశ తిరగేసిన కార్వెయిర్ బాక్సులు ప్రత్యేకంగా అమ్ముతారు. ఏ బాక్స్‌నైనా తలకిందులుగానో పక్క మార్చో బిగిస్తే ఇదే తంటా వస్తుంది. కుడిచేతి స్టీరింగ్ ఉన్న మన కార్లకు అమెరికా బాక్స్ తెచ్చేవారు చాసిస్‌కు ఒక్క రంధ్రం పొడవకముందే, బాక్స్‌ను చేత్తో పట్టుకుని స్టీరింగ్ షాఫ్ట్ కుడికి తిప్పి డ్రాప్ ఆర్మ్ ఎటు పోతుందో, ఆ కదలిక చక్రాన్ని ఎటు తిప్పుతుందో చూసుకోవాలి.

దిశ కుదిరాక అసలు చిక్కు మొదలవుతుంది. ఎఫ్-1, ఎఫ్-100 బాక్సుల బోల్టు రంధ్రాలు మోడల్ ఏ చాసిస్‌తో కలవవు. అడాప్టర్ ప్లేటు వేస్తారు. ప్లేటు మందం వల్ల, బాక్స్ ఆకారం వల్ల డ్రాప్ ఆర్మ్ కొస పాత చోటు నుంచి ఒకటి రెండు అంగుళాలు జరుగుతుంది. బిగించేవారికి అది పెద్ద విషయంగా కనిపించదు, డ్రాగ్ లింక్ పొడవు సర్దితే సరిపోతుంది అనుకుంటారు. సరిపోదు.

మోడల్ ఏ ముందు యాక్సిల్ అడ్డంగా ఉన్న ఒకే కమాన్ కట్ట కింద వేలాడుతుంది. దాన్ని ముందుకూ వెనక్కూ పోకుండా పట్టి ఉంచేది విష్‌బోన్ రాడ్. ఆ రాడ్ రెండు చేతులూ వెనక్కి వచ్చి, ఇంజిన్ వెనక ఉన్న ఒక బంతి దగ్గర కలుస్తాయి. కాబట్టి గతుకులో యాక్సిల్ నిలువునా పైకీ కిందికీ పోదు, ఆ బంతి కేంద్రంగా వంపు తిరుగుతుంది. స్పిండిల్ ఆర్మ్ కొస కూడా అదే వంపులో కదలాలి. కానీ ఆ కొసకు డ్రాగ్ లింక్ కట్టి ఉంది, డ్రాగ్ లింక్ వెనక కొస డ్రాప్ ఆర్మ్‌కు కట్టి ఉంది. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని ఉన్నంతసేపూ డ్రాప్ ఆర్మ్ కదలదు. అంటే డ్రాగ్ లింక్ తన సొంత వంపులో తిరగాలని చూస్తుంది. రెండు వంపులూ కలవకపోతే ఎవరో ఒకరు తగ్గాలి. తగ్గేది చక్రమే, అది తనంతట తాను తిరుగుతుంది. గతుకులో కారు పక్కకు లాగడం అంటే ఇదే, దీనికే బంప్ స్టీర్ అని పేరు.

వంపులు కలవాలంటే ఒక సులువైన గుర్తు ఉంది. కారును పక్క నుంచి చూస్తున్నట్టు కాగితం మీద గీసుకోవాలి. డ్రాగ్ లింక్ గీతను వెనక్కి పొడిగిస్తే అది విష్‌బోన్ బంతి మీదుగా పోవాలి. అలా పోతే చిన్న గతుకుల్లో చక్రం తనంతట తాను తిరగదు. కొత్త బాక్స్ వల్ల డ్రాప్ ఆర్మ్ కొస ఆ గీతకు రెండంగుళాలు పైన పడిందనీ, డ్రాగ్ లింక్ 20 అంగుళాలు, స్పిండిల్ ఆర్మ్ 6 అంగుళాలు అనీ అనుకుందాం. యాక్సిల్ ఒక అంగుళం ఎగిరితే డ్రాగ్ లింక్ కొస అంగుళంలో పదో వంతు ముందుకో వెనక్కో పోతుంది, చక్రాలు దాదాపు ఒక డిగ్రీ తిరుగుతాయి. ఒక డిగ్రీయే కదా అనిపిస్తుంది. 103.5 అంగుళాల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న ఈ కారులో ఆ ఒక్క డిగ్రీ అలాగే నిలిచిపోతే, 30 మీటర్లు పోయేలోగా కారు దాదాపు మూడు మీటర్లు పక్కకు జరుగుతుంది. గతుకు క్షణంలో దాటిపోతుంది కాబట్టి అంత దూరం పోదు గానీ, నడిపేవారు మాత్రం గతుకు గతుకుకూ స్టీరింగ్‌తో కుస్తీ పడుతూనే ఉంటారు. బాక్స్ ఎంత కొత్తదైనా ఈ కుస్తీ తప్పదు.

సరిచేసే మార్గాలు ఉన్నాయి. బాక్స్‌ను కిందికి దించి బిగించవచ్చు, లేదా పొడవాటి డ్రాప్ ఆర్మ్ వేయవచ్చు. రెండో దారిలో ఇంకో లెక్క మారుతుంది. డ్రాప్ ఆర్మ్ పొడవు పెరిగితే ఒక్కో డిగ్రీకి డ్రాగ్ లింక్ ఎక్కువ దూరం కదులుతుంది, అంటే స్టీరింగ్ మళ్లీ బరువెక్కుతుంది. 6 అంగుళాల ఆర్మ్ తీసి 7 అంగుళాలది వేస్తే, 18:1 బాక్స్ చేతికి 15.4:1 బాక్స్ లాగే అనిపిస్తుంది. ఏం చేసినా సరే, డ్రాప్ ఆర్మ్‌ను కాల్చి వంచడం, కోసి అతికించడం మాత్రం చేయకూడదు. అది వేడిచేసి గట్టిపరిచిన ఇనుము. మంట తగిలాక ఆ గట్టిదనం పోతుంది, పోయిన సంగతి కంటికి కనిపించదు. ఆ ఆర్మ్ విరిగిన రోజు చేతిలో స్టీరింగ్ ఉంటుంది, కారు మాత్రం మన మాట వినదు.

హాట్ రాడ్‌లవాళ్లు ఎక్కువగా వాడే మరో బాక్స్ 1971 నుంచి 1977 దాకా వచ్చిన షెవర్లే వేగా అనే కారుది. దీని పద్ధతే వేరు. డ్రాగ్ లింక్ కారు పొడవునా కాకుండా అడ్డంగా, ఎడమ పక్క నుంచి కుడి చక్రానికి పోతుంది. పైన చెప్పిన వంపుల గొడవ దీనికి చాలావరకు ఉండదు, తేలిగ్గా తిరుగుతుంది. అయితే మోడల్ ఏ కమాన్ కట్ట షాకిళ్ల (కట్ట కొసలను పట్టి ఉంచే ఊగే లంకెల) మీద కాస్త పక్కకు ఊగుతుంది. డ్రాగ్ లింక్ పొడవునా ఉన్నప్పుడు ఆ ఊపు స్టీరింగ్‌కు దాదాపు తెలియదు. అడ్డంగా పెట్టాక ప్రతి ఊపూ స్టీరింగ్ కదలికే అవుతుంది. కాబట్టి వేగా బాక్స్ వేసినవారు యాక్సిల్ పక్కకు జరగకుండా ప్యాన్‌హార్డ్ రాడ్ కూడా వేయాలి, అదీ డ్రాగ్ లింక్‌కు సమాంతరంగా, వీలైనంత అదే పొడవులో. ఒక భాగం మార్చబోయి రెండోది, రెండోదాని కోసం మూడోది మార్చడం పాత కార్ల పనిలో మామూలే. ముందే తెలిసి చేస్తే టెన్షన్ ఉండదు.

కాలమ్ మీద ఉన్నవేంటో కూడా చూడాలి. మోడల్ ఏ స్టీరింగ్ కాలమ్ ఒట్టి గొట్టం కాదు. హారన్ బటన్ దాని మీదే ఉంది. లైట్ల స్విచ్ బాక్స్ అడుగున ఉంటుంది, దాన్ని తిప్పే సన్నటి రాడ్ స్టీరింగ్ షాఫ్ట్ లోపలి నుంచే కిందికి దిగుతుంది. కాలమ్‌కు ఒక పక్క థ్రాటిల్ లీవర్, మరో పక్క స్పార్క్ లీవర్. బాక్స్ మార్చగానే లైట్ల రాడ్‌కు దారి మూసుకుపోవచ్చు, అప్పుడు స్విచ్ డ్యాష్ మీదికి రావాలి. థ్రాటిల్ లీవర్ పోయినా కాలి కింద యాక్సిలరేటర్ ఉంది కాబట్టి కారు నడుస్తుంది. స్పార్క్ లీవర్ పోతే అలా కుదరదు. ఈ కారు డిస్ట్రిబ్యూటర్ స్పార్క్ పడే సమయాన్ని తనంతట తాను ముందుకు జరిపేది కాదు. స్టార్ట్ చేసేటప్పుడు వెనక్కి, నడిచేటప్పుడు ముందుకి ఆ లీవర్‌తోనే జరపాలి. లీవర్ తీసేస్తే వేగాన్ని బట్టి తానే సర్దుకునే డిస్ట్రిబ్యూటర్ వేయాలి. అలా స్టీరింగ్ పని ఇంజిన్ దాకా పాకుతుంది. పాత కాలమ్, పాత స్టీరింగ్ వీల్ ఉంచుకోవడానికి వీలిచ్చే అడాప్టర్ కిట్లు దొరుకుతాయి. అసలు రూపం మీద మనసున్నవారు కిట్ ధర చూసి వెనకాడకపోవడమే మంచిది.

షాఫ్ట్‌ను కోసి కలపాల్సి వస్తే వెల్డింగ్ ఒక్కదాని మీద ఆధారపడకూడదు. లోపల స్లీవ్ ఉండాలి. యూనివర్సల్ జాయింట్లు రెండు వాడితే రెండింటి కొమ్ములూ ఒకే వరుసలో ఉండాలి, లేకపోతే స్టీరింగ్ ఒకచోట తేలిగ్గా ఒకచోట బరువుగా తిరుగుతుంది. మూడు జాయింట్లు ఉంటే మధ్యలో షాఫ్ట్‌ను పట్టుకునే బేరింగ్ తప్పనిసరి. ఇంకో సంగతీ ఉంది. పాత కార్లలో స్టీరింగ్ షాఫ్ట్ ఒకే నిటారు కడ్డీ, ఎదురుదెబ్బ తగిలితే నేరుగా గుండె మీదికి వస్తుంది. అమెరికాలో 1968 నుంచి కొత్త కార్లకు దెబ్బకు కుదించుకుపోయే కాలమ్ తప్పనిసరి అయింది. షాఫ్ట్ ఎలాగూ కోస్తున్నప్పుడు రెండు జాయింట్లతో దానికి ఒక మెలిక ఇవ్వడం ఆ ప్రమాదాన్ని కొంతైనా తగ్గిస్తుంది. అసలు రూపం కంటే మనిషి ప్రాణం ముఖ్యమని అనుకునేవారికి, బాక్స్ మార్చడానికి ఇదొక్కటే చాలినంత కారణం కావచ్చు.

బాక్స్ మార్చకుండానే తేలిక చేసుకునే దారి ఈ మధ్య వచ్చింది. కొత్త చిన్న కార్ల కాలమ్‌లో ఉండే ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ మోటారును డ్యాష్ కింద దాచి పెట్టడం. పైకి ఏమీ కనిపించదు. కానీ మోటారు ఉండేది బాక్స్‌కు పైన. అది ఇచ్చే బలమంతా పాత వార్మ్ పళ్ల మీదుగానే పోవాలి. అరిగిన ఏడు పళ్ల బాక్స్‌కు మోటారు తగిలిస్తే ఇంతకాలం డ్రైవర్ చేతులు పెట్టలేనంత బరువు దాని మీద పడుతుంది. ముందు బాక్స్ బాగుండాలి, తర్వాతే మోటారు.

మన దేశంలో ఈ పని చేయించేవారు చట్టం కూడా చూసుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన కారుకు నంబర్‌లో వీఏ అనే అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. షరతు ఏమిటంటే కారు అసలు రూపంలో ఉండాలి, చాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. స్టీరింగ్ బాక్స్ పేరు అందులో విడిగా లేదు. కానీ బాక్స్ కోసం చాసిస్ పట్టీని కోసి, కొత్త బ్రాకెట్ వెల్డ్ చేస్తే అది చాసిస్ మార్పే అవుతుంది. కాబట్టి కోత లేకుండా, ఉన్న రంధ్రాలకే బిగిసే అడాప్టర్ ప్లేటు ఇక్కడ ఉత్తమం. రేపు విప్పితే కారు మళ్లీ యథాస్థితికి వస్తుంది. విప్పిన పాత బాక్స్‌ను పాత ఇనుము వాడికి వేయకుండా, గ్రీజు పూసి దాని బోల్టులతో సహా దాచాలి. హైదరాబాదులో 1930 నాటి కుడిచేతి బాక్స్ మరొకటి కావాలంటే ఎన్నాళ్లు వెతకాలో పాత కార్లున్న ఇళ్లలో అందరికీ తెలుసు.

అన్నీ బిగిశాక రోడ్డు మీదికి వెళ్లే ముందు రెండు సంగతులు చూడాలి. మొదటిది మధ్య స్థానం. వార్మ్ బాక్సులన్నీ సరిగ్గా మధ్యలో ఎక్కువ బిగుతుగా ఉండేలా చేస్తారు. చక్రాలు నేరుగా ఉన్నప్పుడు బాక్స్ కూడా ఆ మధ్య స్థానంలోనే ఉండాలి. లేకపోతే నేరుగా పోయేటప్పుడు లూజుగా, మలుపులో బిగుతుగా ఉంటుంది. స్టీరింగ్ వంకరగా ఉందని వీల్ తీసి తిప్పి పెడితే ఈ తప్పు దాక్కుంటుంది గానీ పోదు. సర్దాల్సింది డ్రాగ్ లింక్ పొడవు. మోడల్ ఏ అసలు డ్రాగ్ లింక్‌కు పొడవు సర్దే వీలు లేదు, అందుకే కొత్త బాక్స్‌తో పాటు మరలున్న డ్రాగ్ లింక్ కూడా కావాలి.

రెండోది చివర్లు. చక్రాలను పూర్తిగా ఒక పక్కకు తిప్పినప్పుడు ముందుగా ఆగాల్సింది యాక్సిల్ దగ్గరి స్టాపులు. వాటికంటే ముందే బాక్స్ లోపలి చివర తగిలితే, గుంటలో చక్రం కొట్టుకున్న ప్రతి దెబ్బా రోలర్ మీద పడుతుంది. జాకీ మీద చక్రాలను గాల్లో ఉంచి, డ్రాగ్ లింక్ పెట్టీ, విప్పీ రెండుసార్లు తిప్పి చూస్తే తేలిపోతుంది.

ఆ తర్వాత ఫోర్డ్ ఇచ్చిన పాత కొలతలే మళ్లీ పెట్టాలి. కాస్టర్ (కింగ్ పిన్ వెనక్కి వాలిన కోణం) 5 డిగ్రీలు, టో-ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు లోపలికి జరిగిన దూరం) అంగుళంలో పదహారో వంతు, టైర్లలో 35 పౌండ్ల గాలి. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా ఒక మలుపు తిరిగి, చేతుల పట్టు కాస్త వదలాలి. స్టీరింగ్ దానంతట అదే మధ్యకు రావాలి. రాకపోతే బాక్స్ ఎక్కువ బిగిసింది, లేదా కాస్టర్ తగ్గింది, లేదా కొత్త కింగ్ పిన్నులు బుష్‌లలో పట్టేస్తున్నాయి. ఏది కారణమో తేలేదాకా వేగం పెంచకూడదు. వంద కిలోమీటర్లు తిరిగాక బాక్స్ బోల్టులూ డ్రాప్ ఆర్మ్ నట్టూ మరోసారి బిగించి, నట్టుకు కొత్త స్ప్లిట్ పిన్ వేయాలి.